పురాతన గ్రహాంతర యంత్రానికి తెలుగు కథలో పేరు పెట్టడం: సమగ్ర మార్గదర్శి

కథలో గ్రహాంతరవాసులు వదిలేసిన పాత యంత్రం ఒకటి ఉంది. దాని ఆకారం మీకు తెలుసు. అదేం చేస్తుందో, ఎవరి ప్రాణం తీస్తుందో కూడా తెలుసు. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం కలం ఆగిపోతుంది. చివరికి ‘జోర్టాక్స్’ అనో ‘మహాకాలచక్రం’ అనో పెట్టేసి ముందుకు పోతాం. మొదటిది వింటే జ్వరం మాత్ర గుర్తొస్తుంది, రెండోది వింటే పౌరాణిక సినిమా. ఆరున్నర కోట్ల ఏళ్ళ యంత్రం మాత్రం రెంటిలోనూ కనిపించదు.

కథలు, నవలలు, ఆడియో సిరీస్‌లు, గేములు తెలుగులో రాసేవాళ్ళ కోసం ఈ మార్గదర్శి. దీని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. ఏ పేరైనా ఆ వస్తువు గురించి చెప్పేది కొంచెం, పెట్టినవాళ్ళ గురించి చెప్పేది ఎక్కువ. అందుకే మంచి పేరు కావాలంటే ముందు ఆ పేరు పెట్టిన మనుషులను వెతకాలి. వాళ్ళు దొరికితే పేరు తనంతట తనే వస్తుంది.

1. ముందు యంత్రం గురించి ఒక పేజీ రాసుకోండి

పేరు జోలికి పోకుండా, యంత్రం ఎక్కడుంది, ఎంత పాతది, బయటికి ఏం కనిపిస్తుంది, లోపల నిజంగా ఏం జరుగుతుంది అన్నవి రాయండి. చివరి రెండూ వేరువేరుగా ఉండటం ముఖ్యం. పేరు ఎప్పుడూ బయటికి కనిపించేదాన్ని బట్టి పుడుతుంది. కథ లోపల ఉన్న నిజాన్ని బట్టి నడుస్తుంది.

చివరిదాకా తోడుండటానికి ఒక యంత్రాన్ని కల్పిద్దాం. రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ, కాతేరు, పంగిడి ప్రాంతాల్లో నల్లరాతి పొరలు బయటపడి ఉంటాయి. దాదాపు 6.5 కోట్ల ఏళ్ళ కిందట లావా పారి గడ్డకట్టగా ఏర్పడిన బసాల్ట్ అది. లావా పొరల మధ్య శిలాజాలున్న అవక్షేపాల పొర కూడా ఉంటుంది. మన యంత్రం ఆ మధ్య పొరలో ఉంది. పైనా లావా, కిందా లావా. కాబట్టి వయసు గురించి ఎవరూ వాదించలేరు, మనిషి పుట్టకముందే ఎవరో పెట్టి వెళ్ళారు. ఒక కంకర క్వారీలో బ్లాస్టింగ్ చేస్తుంటే దాని అంచు బయటపడింది. చూడ్డానికి నున్నటి నల్లరాయి. అప్పుడప్పుడూ లోపలినుంచి సన్నటి హోరు వస్తుంది. ఎవరినో పిలుస్తోందని అందరూ అనుకుంటారు. నిజానికి అది భూమి లోపలి కదలికలను వింటోంది. హోరు అనేది ఆ పనిలో వచ్చే చప్పుడు మాత్రమే.

2. మొదట చూసినవాళ్ళు ఎవరో తేల్చండి

చాలామంది ఈ అడుగు దాటేసి, తిన్నగా గ్రహాంతర భాషలోకి దూకుతారు. కానీ మనకు తెలిసిన పురాతన వస్తువుల్లో ఎక్కువ వాటికి, తయారుచేసినవాళ్ళు పెట్టిన పేరు మనదాకా రాలేదు. గ్రీసులో ఆంటికితెరా అనే చిన్న ద్వీపం దగ్గర మునిగిన ఓడను 1900లో స్పాంజి కోసం మునిగేవాళ్ళు కనిపెట్టారు. అందులో దొరికిన కంచు ముద్దలో పళ్ళచక్రాలున్నాయని 1902లో గమనించారు. సూర్యచంద్రుల స్థానాలను, గ్రహణాలను లెక్కగట్టే యంత్రం అది. మిగిలిన ముక్కల్లో 30 పళ్ళచక్రాలున్నాయి. దాన్ని వాడినవాళ్ళు ఏమని పిలిచారో కానీ, మనం ద్వీపం పేరుతో ‘ఆంటికితెరా యంత్రం’ అంటున్నాం. ఆ ద్వీపానికి, ఆ యంత్రానికి ఉన్న సంబంధమల్లా ఓడ అక్కడ మునగడమే.

దొరికిన చోటు పేరు పెట్టడం పురావస్తుశాఖవాళ్ళ అలవాటు. అందుకే మీ కథలో పరిశోధకులు ఉంటే ఊరి పేరు వచ్చే పేరు ఒకటి తప్పకుండా ఉండాలి. ఊరి పేరు ఎంత మామూలుగా ఉంటే అంత బాగుంటుంది. ‘నిశ్శబ్దపురం’ లాంటి ఊరు పెడితే రచయిత చెయ్యి కనిపించిపోతుంది.

ఒకే వస్తువుకు రెండు మూడు పేర్లుండటం కూడా మామూలే. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో దొరికిన ఆదిమానవ జాతి అస్థిపంజరానికి రికార్డుల్లో పేరు ఏఎల్ 288-1. ఆ రాత్రి క్యాంపులో మోగుతున్న ఒక పాటను బట్టి ప్రపంచానికి ఆమె ‘లూసీ’ అయింది. ఇథియోపియాలో ఆమెను అమ్హారిక్ భాషలో ‘డింకినేష్’ అంటారు. ఫైలు, శిబిరం, దేశం – ముగ్గురూ తమతమ పేర్లు పెట్టుకున్నారు. మీ యంత్రానికీ ఇలా కనీసం మూడు పేర్లు తయారుచేయండి. కథలో అన్నీ వాడక్కర్లేదు.

3. పనివాళ్ళ నోట పుట్టే పేరు

నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది ఇదే. ఎక్కువ సమయం దీనిమీదే పెట్టండి.

కొత్త వస్తువు ఎదురైతే తెలుగువాళ్ళు ఏం చేస్తారో చూడండి. రైలును పొగబండి అన్నారు. తెలంగాణలో విమానాన్ని గాలిమోటారు అన్నారు. తెలిసిన వస్తువు ఒకటి తీసుకుని, కొత్తదానిలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే గుణం ఒకటి తగిలించడం, అంతే. ఈ సూత్రం మీ యంత్రానికి అచ్చంగా పనికొస్తుంది. తెలిసిన వస్తువు ఏదన్నది మాత్రం ఆ మనుషుల పనిని బట్టి ఉంటుంది. రైతుకు మోట, ఏతం, గానుగ గుర్తొస్తాయి. చేనేత ఇంట్లో పుట్టినవాడికి మగ్గం, రాట్నం. క్వారీలో పనిచేసేవాడికి రాయి. మన క్వారీవాళ్ళు ‘మోగురాయి’ అంటారు. ఇందులో కవిత్వమేమీ లేదు, రాయి మోగుతుంది కాబట్టి మోగురాయి. అదే యంత్రం పొలంలో బావి తవ్వుతుంటే బయటపడి, నెమ్మదిగా తిరిగేదైతే ‘దెయ్యాల గానుగ’ అయ్యేది.

తర్వాత భయం వస్తుంది. భయపడేదాని పేరు నేరుగా పలకకపోవడం మన ఊళ్ళలో పాత పద్ధతి. పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. ఒళ్ళంతా పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అంటారు. అందుకని క్వారీలో ఇద్దరు చనిపోయాక ‘మోగురాయి’ అనే మాట నోట్లోంచి మాయమవ్వాలి. దాని స్థానంలో మెత్తటి పేరు రావాలి. నేనైతే ‘ముసలమ్మ’ పెడతాను.

“మేస్త్రిగారూ, ముసలమ్మ లేచిందండి.”

“అందర్నీ పైకి రమ్మను. ఇవాళ్టికి బ్లాస్టింగ్ లేదు.”

ఈ రెండు వాక్యాల్లో యంత్రం గురించి వర్ణనే లేదు. అయినా ఆ మనుషులకూ దానికీ మధ్య ఎన్నాళ్ళుగానో ఏదో నడుస్తోందని పాఠకుడికి అర్థమవుతుంది. పెద్ద పెద్ద విశేషణాలు చేయలేని పని చిన్న ముద్దుపేరు చేస్తుంది.

భయం పాతబడితే పూజ అవుతుంది. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ దగ్గర బృహత్ శిలాయుగపు నిలువురాళ్ళున్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. వాటిని నిలబెట్టినవాళ్ళ మాటలేవీ మనకు మిగల్లేదు. ఊరివాళ్ళు మాత్రం అందులో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. అలాగే పాతకాలపు రాతి సమాధులను చాలాచోట్ల ‘రాక్షసగుళ్ళు’ అంటారు. అంతంత బండలు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులే ఎత్తి ఉంటారన్నమాట. కథ కొన్ని తరాలు నడిచేదైతే ముసలమ్మకు ఒక గుడి కట్టించండి. పసుపు పూసిన ఆ అంచు అసలు దేనిదో పూజారికి కూడా తెలియనక్కర్లేదు.

4. పేరులో ఒక తప్పు అంచనా దాచండి

మొహెంజొదారోలో దొరికిన ఒక చిన్న రాతి విగ్రహాన్ని ‘పురోహిత రాజు’ అంటారు. గడ్డం, భుజం మీద మూడాకుల బొమ్మలున్న వస్త్రం, సగం మూసిన కళ్ళు. అతను పురోహితుడనీ రాజనీ చెప్పే ఆధారం ఏదీ లేదు. సింధు లిపిని ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయారు. అక్కడే 1926లో దొరికిన 10.5 సెంటీమీటర్ల కంచు బొమ్మ ‘నర్తకి’ అయింది, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడినందుకు. ఆ పేర్లు వింటూ పెరిగిన మనకు ఇప్పుడు ఆ బొమ్మలను వేరే రకంగా చూడటమే కష్టం.

కథకుడికి ఇది వరం. పేరు ఒక సిద్ధాంతాన్ని మోసుకొస్తుంది. అందరూ ఆ పేరు వాడుతున్నంతకాలం ఆ సిద్ధాంతాన్ని ఎవరూ ప్రశ్నించరు. ‘మోగురాయి’ అన్నంతసేపూ పాత్రలన్నీ అది ఎవరికి మోగుతోంది, ఎవరిని పిలుస్తోంది అని వెతుకుతాయి. అది వింటోందన్న ఆలోచనే రాదు. మధ్యలో ఒక పాత్ర – పెద్ద శాస్త్రవేత్త కాకపోయినా పర్లేదు – “మనం మాట్లాడేటప్పుడు అది ఎందుకు ఆగిపోతోంది?” అని అడుగుతుంది. కథ అక్కడ మలుపు తిరుగుతుంది. ఆ మలుపు రావడానికి దారి వేసింది పేరే.

కాబట్టి మీరు మొదటి అడుగులో రాసిన పేజీ తీసి, పేరు నిజానికి ఎంత దూరంలో ఉందో చూడండి. పూర్తిగా నిజం చెప్పే పేరైతే పక్కన పడేయండి. పూర్తిగా అబద్ధమైన పేరూ పనికిరాదు, పాఠకుడు మోసపోయానని అనుకుంటాడు. మోగడం నిజమే, కానీ మోగడం దాని ఉద్దేశం కాదు. ఈపాటి దూరం సరిపోతుంది.

5. ఫైలు పేరు, టీవీ పేరు

వీటికి ఎక్కువ ఆలోచన అవసరం లేదు. ఫైలు పేరు పొడిగా ఉండాలి, దానికో లెక్క ఉండాలి. గురుత్వ తరంగాలను తొలిసారి పట్టుకున్న సంకేతానికి జీడబ్ల్యూ150914 అని పెట్టారు. అందులో ఉన్నది తేదీయే, 2015 సెప్టెంబరు 14. మన యంత్రానికి ‘ఆర్‌టీ-3’ చాలు. రాజమండ్రి ట్రాప్స్‌లో, అంటే మనం చెప్పుకున్న ఆ లావా రాతి పొరల్లో, మూడో నమూనా అని అర్థం. అలా అనగానే ఒకటి, రెండు ఏమయ్యాయని పాఠకుడు తప్పకుండా అనుకుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర లేకపోతే మూడు అని పెట్టకండి.

శాస్త్రవేత్తల సరదా పేర్లను కూడా మర్చిపోవద్దు. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్‌కు ఆకాశంలో ఒకే చోటునుంచి, సుమారు 1.33 సెకన్లకోసారి, గడియారం తప్పినా తప్పని రేడియో స్పందనలు కనిపించాయి. సగం సరదాగా దానికి ఎల్‌జీఎం-1 అని పేరుపెట్టారు. చిన్న ఆకుపచ్చ మనుషులు అనే ఇంగ్లీషు మాటలకు అది పొట్టిరూపం. ఇంకోచోట కూడా అలాంటివే దొరికేసరికి గ్రహాంతరవాసుల ఊహ పోయింది, ఆ స్పందనలు పంపే నక్షత్రాలకు పల్సార్ అనే పేరు స్థిరపడింది. మీ ల్యాబ్‌లో కూడా ఎవరో ఒకరు ఇలాంటి జోకు వేయాలి. అందరూ గంభీరంగా ఉండే ల్యాబ్‌ను ఎవరూ నమ్మరు.

టీవీవాళ్ళ పేరు ప్రాస కోసం పుడుతుంది. ‘గోదారిలో గ్రహాంతర ఘోష’. ఇలాంటిది ఒకసారి వాడి వదిలేయండి.

6. తయారుచేసినవాళ్ళు పెట్టిన పేరు

అసలు ఇది అవసరమా అని ముందు అడగండి. చాలా కథలకు అవసరం ఉండదు. అవసరమైతే, ఆ పేరు మనిషి చెవికి ఎలా చేరిందో చెప్పగలగాలి. గొంతే లేని జీవులు పెట్టిన పేరు తెలుగు అక్షరాల్లోకి ఎలా వచ్చింది?

మన దగ్గర దీనికొక మంచి సాధనం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా వాడటం లేదు. ఛందస్సు. యంత్రం హోరులో దీర్ఘంగా వచ్చేవి, పొట్టిగా వచ్చేవి ఉన్నాయనుకుందాం. తెలుగు మాస్టారు ఎవరైనా వింటే వాటిని గురువు, లఘువు అనే గుర్తుపడతారు. ‘యమాతారాజభానసలగం’ బళ్ళో అందరం వల్లించిందే. మూడేసి స్పందనలు ఒక గణం. గురువు-గురువు-లఘువు వస్తే త గణం. గురువు-లఘువు-లఘువు వస్తే భ. లఘువు-గురువు-గురువు వస్తే య. తొమ్మిది స్పందనలు వరసగా ఇలా వస్తే, మాస్టారు తన నోటుపుస్తకంలో ‘త భ య’ అని రాసుకుంటారు. మర్నాటికి అందరూ దాన్ని ‘తభయ’ అంటుంటారు.

ఈ పేరుకు అర్థం లేదు, అయినా ఇది ఊరికే పుట్టలేదు. లెక్కతో వచ్చింది. ఆ లెక్కను పాఠకుడు తనే సరిచూసుకోగలడు. పైగా చెవికి అందులో ‘భయ’ వినిపిస్తుంది, ‘అభయ’ కూడా వినిపిస్తుంది. ఏది నిజమో కథ తేలుస్తుంది. అయితే మాస్టారు రాసుకున్నది వాళ్ళ పేరేనా, లేక యంత్రం చెప్పే అంకెలా అన్నది తెరిచే ఉంచండి. వేరే గణాలతో ప్రయత్నిస్తే ఒక్కోసారి ఉన్న మాటే వచ్చి పడుతుంది. ర, జ, త కలిస్తే ‘రజత’. వెండి యంత్రం అయితే తప్ప అది వదిలేయాల్సిందే.

ఛందస్సు మీ కథకు కుదరకపోతే ధ్వనుల దారి పట్టండి. తెలుగు చెవికి పరాయిగా ఉండి, తెలుగు నోటికి సులువుగా ఉండేదే మనకు కావాలి. ఇంగ్లీషు ఫాంటసీలో పేరు మధ్య గుర్తులు పెట్టి, హల్లులు కుప్పేసి పరాయితనం తెస్తారు. అది మన లిపిలో కళ్ళకు నొప్పి, చదివి వినిపించేవాడికి నరకం. దానికంటే తేలికైన పద్ధతి ఉంది. మన మాటల మొదట్లో ణ, ళ రావు. మధ్యలో, చివర్లో మామూలుగానే వస్తాయి. కాబట్టి ‘ళెమూ’, ‘ణోరి’ లాంటివి పలకడానికి ఏ ఇబ్బందీ ఉండదు, అయినా వినగానే ఇది మన మాట కాదని తెలిసిపోతుంది. ఒకే జాతి పెట్టిన పేర్లన్నిటికీ ఇలాంటి నియమం ఒకటి పెట్టుకుని దానికి కట్టుబడండి. నియమం చెప్పనక్కర్లేదు, నాలుగు పేర్లు వచ్చేసరికి పాఠకుడికే పట్టుబడుతుంది.

తయారీదారుల పేరు ఎప్పుడూ గంభీరంగానే ఉండాలన్న భ్రమ కూడా వద్దు. జైపూర్ జంతర్ మంతర్‌లో సవాయి జయసింహుడు 18వ శతాబ్దంలో కట్టించిన ఖగోళ పరికరాలున్నాయి. నీడతో కాలం చెప్పే పెద్దదాని పేరు సమ్రాట్ యంత్రం. ఇంకోదాని పేరు జయప్రకాశ యంత్రం. అందులో రాజుగారి పేరు దర్జాగా కూర్చుని ఉంది. కోట్ల ఏళ్ళ కిందటి జీవులకు కూడా మెప్పించాల్సిన పెద్దలు ఉండి ఉంటారు. ఎంతో కష్టపడి చదివిన పేరు చివరికి వాళ్ళ అధికారి ఒకరి పేరని తేలితే నాకు భలే ఇష్టం.

7. పేరును అరగదీయండి

పాత పేరు కొత్తగా మెరుస్తుంటే నమ్మకం కుదరదు. రాజమహేంద్రవరం నోళ్ళలో నలిగి రాజమండ్రి అయింది. 2015లో ప్రభుత్వం పాత పేరును తిరిగి తెచ్చింది, బస్సు కండక్టరు మాత్రం ఇంకా రాజమండ్రి అనే అరుస్తాడు. ఎక్కడ అరిగిందో గమనించండి. మొదలు మిగిలింది, నడిమి అక్షరాలు పోయాయి, చివర కుదించుకుపోయింది. మీరు కల్పించే పేరుకూ ఇదే పద్ధతి వాడండి. ముందు పూర్తి రూపం రాసి, ఆపైన రెండుమూడు మెట్లు దింపండి.

మన హోరు వందల ఏళ్ళుగా వినిపిస్తుంటే ఆ కొండను ఒకప్పుడు ‘మ్రోగుకొండ’ అని ఉంటారు. తర్వాత ‘మోగొండ’. రైల్వేవాళ్ళు ఇంగ్లీషు బోర్డు మీద రాసినప్పుడు అక్షరాలు అటూఇటూ అయి, తిరిగి తెలుగులోకి వచ్చేసరికి ‘ముగండ’. ఇప్పుడది ఊరి పేరు, దాని అర్థం ఎవరికీ తెలియదు. కథలో ఒక పాత రికార్డు కావాలంటే కైఫీయతుల వైపు చూడండి. ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ళ కిందట ఊరూరా తిప్పి సేకరింపజేసిన గ్రామ చరిత్రలవి. మీరు కల్పించిన కైఫీయతులో ‘మ్రోగుకొండ’ అని ఒక్క మాట కనిపిస్తే చాలు, చదివే పాత్రకు వెన్ను జలదరిస్తుంది. పాత రాత అని చూపించడానికి రాయిని ‘ఱాయి’ అని బండి ఱ తో రాయవచ్చు. ఆడియోలో అది వినపడదు కాబట్టి కథ దానిమీద ఆధారపడకూడదు.

8. సంస్కృతం వాడాలా?

వాడవచ్చు, కానీ కారణం ఉండాలి. సంస్కృత సమాసం అనగానే మన పాఠకుడి మనసు పురాణాల్లోకి వెళ్ళిపోతుంది. చక్రం, అస్త్రం, స్తంభం అనే మాటలు చివర చేరితే మరీను. ‘అన్నీ మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉన్నాయి’ అనే పాత వాదంలో మీ కథ ఇరుక్కుపోతుంది. ఆ వాదానికి తరచూ చూపించే ‘వైమానిక శాస్త్రం’ అనే సంస్కృత గ్రంథాన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 1974లో పరిశీలించారు. అది 1904కు ముందుది కాదనీ, అందులో చెప్పిన విమానాలు ఎగరలేవనీ తేల్చారు. మీ కథ ఆ వాదం గురించే అయితే సరే. లేకపోతే సంస్కృత పేరును కథలో ఒక పాత్ర పెట్టాలి. స్థానిక పండితుడో, ఉత్సాహం ఎక్కువైన మంత్రిగారో ‘భూనాద స్తంభం’ అని ప్రకటిస్తే, అది ఆయన మనస్తత్వాన్ని చూపిస్తుంది. రచయిత గొంతుతో మాత్రం ఆ మాట రాకూడదు.

9. విభక్తి పరీక్ష, లింగ పరీక్ష

ఇక్కడే చాలా పేర్లు ఫెయిలవుతాయి. తెలుగులో పేరు ఒంటరిగా ఉండదు. దానికి కు, ను, లో, తో, నుంచి తగులుతూనే ఉంటాయి. మీ పేరును ఈ వాక్యాల్లో పెట్టి గట్టిగా చదవండి: ‘ముగండకు వెళ్ళారు’, ‘తభయను తాకొద్దు’, ‘జోర్టాక్స్‌లోంచి పొగ వచ్చింది’. మొదటి రెండూ జారిపోతాయి, మూడోది గొంతులో ఇరుక్కుంటుంది. అచ్చుతో ముగిసే పేరు మూడు వందల పేజీలు మోయడానికి తేలిక. సున్నాతో ముగిస్తే రూపం మారుతుందని గుర్తుంచుకోండి. ‘భూనాదం’ అని పెడితే ‘భూనాదాన్ని’, ‘భూనాదానికి’ అవుతుంది. పేరు ఆకారమే మారిపోతుంది కాబట్టి ఊహించిన గ్రహాంతర పేర్లకు సున్నా చివర పెట్టకపోవడమే మంచిది.

ఇక లింగం. ‘డు’తో ముగించారంటే యంత్రం మగవాడైపోయి ‘వచ్చాడు’ అనాల్సి వస్తుంది. వెనక్కి రావడం కష్టం. కానీ ‘ఆమె లేచింది’, ‘అది లేచింది’ రెండింటికీ క్రియ ఒకటే. ఇది తెలుగు కథకుడికి దొరికే మంచి సౌకర్యం. ‘ముసలమ్మ లేచింది, విన్నది, మళ్ళీ పడుకుంది’ అని పేజీలకు పేజీలు రాసినా, అది వస్తువో మనిషో క్రియ చెప్పదు. సర్వనామం వాడకుండా జాగ్రత్తపడితే చాలు. కానీ బహువచనంలో ఈ ముసుగు జారిపోతుంది. రెండో యంత్రం బయటపడిన రోజున ‘లేచారు’ అనాలా ‘లేచాయి’ అనాలా? మేస్త్రి ‘లేచారండి’ అన్నాడంటే అతను వాటిని ఏమనుకుంటున్నాడో తెలిసిపోయినట్టే. ఇంజినీరు ‘లేచాయి’ అని సరిదిద్దితే అక్కడ పెద్ద సన్నివేశమే ఉంది.

10. బయటి చెవులతో వినిపించండి

పేరును ఇంటర్నెట్‌లో తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతకండి. ఎవరి ఇంటిపేరో, కులదైవం పేరో, దుకాణం పేరో అయితే మార్చండి. పెద్ద సంస్థలకు కూడా ఇది జరిగింది. నాసావాళ్ళ న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2019 జనవరి 1న దాటి వెళ్ళిన సుదూర శిలకు మొదట ‘అల్టిమా తూలే’ అనే ముద్దుపేరు ఉండేది. ఆ మాటను నాజీ భావజాలంవాళ్ళు వాడుకున్నారని విమర్శలొచ్చాయి. అదే ఏడాది నవంబరులో దానికి ‘ఆరకోత్’ అనే పేరు ఖాయమైంది.

మీ జిల్లావాళ్ళకు మాత్రమే కాకుండా శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్ మనుషులకు కూడా పేరు వినిపించండి. ఒకచోట మామూలు మాట ఇంకోచోట బూతు కావచ్చు. వాళ్ళు నవ్వితే కారణం చెప్పమని బతిమాలక్కర్లేదు, పేరు మార్చేయండి.

11. కథలో ఏ పేరు ఎక్కడ

సంభాషణల్లో పనివాళ్ళ పేరు, కథనంలో ఊరి పేరు, కాగితాల్లో ఫైలు పేరు వాడితే, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకుండానే తెలుస్తుంది. ఒక పాత్ర ఒక పేరు వదిలి ఇంకో పేరు వాడటం మొదలుపెడితే అది పాత్రలో వచ్చిన మార్పు. ‘ఆర్‌టీ-3’ అని మాత్రమే అనే జియాలజిస్టు నోట ఒక రాత్రి ‘ముసలమ్మ’ అని వస్తే, ఆ రాత్రి ఏం జరిగిందో సగం చెప్పేసినట్టే. తయారీదారుల పేరు మాత్రం పొదుపుగా వాడండి. మూడింట రెండొంతుల కథ అయ్యాక వస్తే బాగుంటుంది, రెండుమూడు సార్లకు మించకుండా ఉంటే ఇంకా బాగుంటుంది. పుస్తకానికి శీర్షికగా నేను ‘ముగండ’ను ఎంచుకుంటాను, ‘తభయ’ను కాదు. అట్టమీదే గ్రహాంతర పేరు కనిపిస్తే పాఠకుడికి వెతకడానికి ఏం మిగులుతుంది?

ఒక చిన్న సాంకేతిక జాగ్రత్త. రాతప్రతి పూర్తయ్యాక పేరు మార్చాలనిపిస్తే కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో మార్చకండి. ‘మోగురాయి’ మారుతుంది కానీ ‘మోగురాతి మీద’, ‘మోగురాళ్ళు’ అలాగే ఉండిపోతాయి. ‘రాయి’ని ఒక్కదాన్నే మార్చబోతే ‘రాయించాడు’, ‘రాయితీ’ కూడా ముక్కలవుతాయి. పేరుకున్న రూపాలన్నీ – రాయి, రాతి, రాళ్ళు, రాళ్ళ – ముందు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటిగా వెతికి, వాక్యం చదివి మార్చండి.